గాలిగొట్టంలో జీడి

అశ్విని కార్తె, రెండో వారం

నా తర్వాత ఈ ఫెరెట్లను చూసుకోబోయే మనిషి కోసం ఇది రాస్తున్నాను. ఆ వచ్చే మనిషి నాకంటే బాగా చూసుకుంటారన్న నమ్మకం నాకు లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఇవాళ గోళ్ళు కత్తిరించే రోజు. ఫెరెట్‌ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద రెండు చుక్కలు చేపనూనె వెయ్యాలి. అది నూనె నాక్కోవడంలో పడి కాళ్ళ సంగతి మరిచిపోతుంది. అప్పుడు మన పని మనం చేసుకోవచ్చు. ఉలవకి చెవులు కూడా తుడిచాను. తాండ్ర నా వేలు కొరికింది. కోపంతో కాదు, సరదాకి. దాని సరదాకి నా వేలికి గుడ్డ కట్టుకోవాల్సి వచ్చింది. మూడోది జీడి, జీడిపప్పు రంగు ముసల్ది. గోళ్ళ సంగతి నేను మరిచిపోయినా అదే వచ్చి ఒళ్ళో పడుకుంటుంది.

చూడగానే ముంగిసకి చుట్టాల్లా ఉంటాయి. ఒళ్ళు ఇంకా సన్నం, బుద్ధి ఇంకా వంకర. రోజులో ముప్పావు వంతు నిద్రపోయి మిగిలిన పావు వంతులో మన ప్రాణం తోడేస్తాయి. పేగు పొట్టి కాబట్టి ఒకేసారి పెట్టకుండా పూటపూటకీ కాస్తకాస్త పెట్టాలి. మాంసం తప్ప ఇంకేదీ వీటి ఒంటికి పడదు. బయటి ఎండకి తాళలేక మేం తొలుచుకుని ఉంటున్న ఈ కొండలో కౌజు పిట్టలు పెంచుతాం కనుక ఆ లోటు లేదు.

తిండి ఒక్కటీ చూస్తే చాలదు. పని లేని ఫెరెట్ దిగులుపడి మూల కూర్చుంటుంది, లేదా బోను ఊచలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటుంది. అందుకని పిట్ట గుండెకాయని గుడ్డలో ముడివేసి, ఆ ముడిని వెదురు బొంగులో దూర్చి, బొంగుని మట్టిపెట్టెలో పాతిపెడతాను. అవి తవ్వి, లాగి, ముడి విప్పుకుని తినాలి. మర్నాడు దాచే చోటు మారుస్తాను. నిన్నటి చోట వెతికి దొరక్కపోతే తాండ్ర నా వైపు చూసే చూపు మనుషుల్లో కూడా కనపడదు.

మధ్యాహ్నం దాలినాయుడు వచ్చాడు. అతను కొండకి గాలిపెద్ద, అంటే గదులన్నిటికీ గాలి అందేలా చూసే మనిషి. కొండ దుమ్ము రాలుతూనే ఉంటుంది కాబట్టి గాలిగొట్టాలు పూడుకుపోతుంటాయి. ఫెరెట్ నడుముకి దారం కట్టి ఈ కొసన వదిలితే ఆ కొసన తేలుతుంది. ఆ దారంతో తాడు లాగుతాం, తాడుతో పెద్ద కుంచె లాగుతాం. గొట్టం శుభ్రపడుతుంది.

“అక్కా, పడమటి గొట్టం రోహిణి కార్తె రాకముందే తెరవాల” అన్నాడు. “కొత్తగా వచ్చినోళ్ళు నడవలో పడుకుంటన్నారు. ఆ గదుల్లోకి గాలి నేదు. నీ జంతువులు ఈ పని సేస్తాయా, నేకపోతే పాకుడుబండి తెప్పించీమంటావా?” పాకుడుబండి అంటే గొట్టంలో పాకుతూ దుమ్ము తోసే యంత్రం.

“పాకుడుబండి తూరుపు గొట్టంలో ఇరుక్కుంటే దాన్ని లాగడానికి నా జీడినే పంపినావు. మరిసిపోనావేటి?”

“మరిసిపోనేదు. ఇది కొత్త బండి. అది వస్తే మాత్రం వీటికి మాంసం వాటా ఆపీయాల. పని సెయ్యనోళ్ళకి వాటా నేదు, అది కొండ రూలు. అప్పుడు బయట వదిలీడమే.”

బయట రాతి మీద నీళ్ళు చిందితే చుయ్యిమంటుంది. ఫెరెట్‌కి మన వంటింటి వేడే ఎక్కువ.

“నా పిల్లలకి ఆ గొట్టం ఒక లెక్క కాదు. ఎల్లి నీ పని సూసుకో” అన్నాను. అన్నమాట మీద నిలబడటం నాకు అలవాటు.

భరణి కార్తె, మొదటి వారం

పడమటి గొట్టానికి కసరత్తు మొదలుపెట్టాను. పాత గొట్టం ముక్కలు కలిపి వంపులతో ఒక ఉత్తుత్తి దారి కట్టాను. రోజుకో వంపు మారుస్తున్నాను. అసలు గొట్టం లోపల ఎలా ఉంటుందో ఎవరికీ సరిగా తెలియదు కాబట్టి తెలియని దారికి అలవాటుపడాలి. ఉలవ బాగా వెళ్తోంది. తాండ్ర అవతలి కొసన తేలి, వీపు వంచి, పక్కలకి ఎగురుతూ కిచకిచమంది. ఫెరెట్ సంతోషం అంటే ఆ గంతే.

జీడి మాత్రం నాకు నచ్చడం లేదు. మొదటి వంపు దగ్గరే కూర్చుండిపోయింది. పిట్ట గుండెకాయ పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. విసుగేమో అని కొత్త మట్టి పోశాను, ఎండు ఆకులు వేశాను, గుడ్డ ఉయ్యాల చోటు మార్చాను. పలకలేదు.

భరణి కార్తె, రెండో వారం

ఇవాళ జీడి గోడని చూస్తూ ఉండిపోయింది. పిలిస్తే తల తిప్పలేదు. నోటి పక్క నుంచి చొంగ కారుతోంది. ముందుకాలితో మూతి గీరుకుంటోంది. లేపి నిలబెడితే వెనకకాళ్ళు జారిపోయాయి. మాంసం మెత్తగా నూరి వేలితో నాకించాను. కాసేపటికి తేరుకుంది.

ఇది నాకు తెలిసిన జబ్బే. తీపి మరిగిన ఫెరెట్లకి వస్తుంది. తీపి పడేకొద్దీ లోపలి గ్రంథి దాన్ని అణచడానికి అతిగా పనిచేసి, చివరికి ఒంట్లో ఉన్న చక్కెరంతా లాగేస్తుంది. వచ్చాక పోదు. వేళకి మాంసం పెడుతూ కాపాడుకోవాలి. కానీ నా గదిలో తీపి వాసన కూడా లేదు. నాకే తీపి ఇష్టం లేదు.

కోపం పట్టలేక బోనంతా దులిపాను. ఫెరెట్లు దొంగ సొత్తు దాచుకుంటాయి. జీడి ఉయ్యాల కింద ఒక చెంచా, చెప్పు పట్టీ, ఎవరిదో బొత్తాం దొరికాయి. వాటి పక్కనే నువ్వుల చిమ్మిలి ఉండలు. కొరికినవి, కొరకనివి, చీమలు పట్టినవి.

మా కొండలో దీపాల కింద పండే చెరుకు కాస్తంతే. బెల్లం అంటే అందరికీ అపురూపం. అలాంటి బెల్లంతో చేసిన చిమ్మిలి నా ఫెరెట్‌కి ఎవరు పెడుతున్నారు? ఇది నేను తేల్చకుండా వదలను.

కృత్తిక కార్తె, మొదటి శుక్రవారం

తేలింది.

శుక్రవారం పొద్దున జీడిని గొట్టంలోకి వదిలి, గోడకి చెవి ఆనించుకుంటూ, దాని గోళ్ళ చప్పుడు వెంట నడిచాను. ఆ చప్పుడు గౌరమ్మత్త గది దగ్గర ఆగింది. గౌరమ్మత్త మా కొండలోకి మొదట వచ్చిన వాళ్ళలో మిగిలిన పెద్దది. తలుపు ఓరగా ఉంటే తొంగిచూశాను.

గోడకున్న గాలిరంధ్రం అంచున పసుపు రాసి, బొట్టు పెట్టి, చిన్న ఆకులో చిమ్మిలి ఉండ ఉంచి ఉంది. గౌరమ్మత్త దానికి వీపు తిప్పి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని పాడుతోంది.

“రాయే తల్లీ, సల్లంగ రాయే, సందుసందుకీ సుట్టమై రాయే...”

ఇది గాలితల్లికి శుక్రవారం నైవేద్యం. ప్రతి గదిలోనూ పెడతారు. తల్లి తినేటప్పుడు చూడకూడదు కాబట్టి వీపు తిప్పి పాట పూర్తిచేస్తారు. తిరిగి చూస్తే ఆకు ఖాళీ అయి ఉంటుంది. తల్లి కరుణించిందని కళ్ళకి అద్దుకుంటారు. నేను దేవుళ్ళ జోలికి పోని మనిషిని, శుక్రవారాలు నిద్రపోతాను. అందుకే నాకిది పట్టలేదు, నేను నిద్రలో ఉండగా జీడి బోనులోంచి జారి గొట్టాల్లో తిరగడం కూడా.

గౌరమ్మత్త వీపు వెనక జీడి మూతి రంధ్రంలోంచి బయటికొచ్చింది. తీరిగ్గా ఉండని కరిచి పట్టుకుని లోపలికి పోయింది. పాట ఇంకా రెండో చరణంలో ఉంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కొండ కొండంతా కలిసి, దండం పెట్టి మరీ, నా జీడికి జబ్బు తెప్పించారు.

కృత్తిక కార్తె, మర్నాడు

సభ పెట్టమన్నాను. పెద్ద గదిలో అందరూ కూర్చున్నాక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గాలితల్లి నైవేద్యం ఫెరెట్లు తింటున్నాయి, దానివల్ల చచ్చిపోతున్నాయి, ఆపండి.

గోల గోల అయింది. గౌరమ్మత్త కర్ర ఊతంగా లేచి నిలబడింది.

“ఏటే సన్నేసీ, ఇన్నాళ్ళూ మా తల్లి తిన్నాదనుకున్నది నీ కంపుముంగిసలు తిన్నాయంటావా? మా మొక్కులన్నీ గొట్టంలో పోసినట్టేనా?”

“అత్తా, తల్లి నేదని నానన్నానా? నైవేద్యం తీసుకెళ్ళడానికి దీన్ని పంపిస్తందేమో, నాకేటి తెలుసు? పంపిన దాన్ని సంపుకోకండి అంటన్నాను.”

“మరి ఏటి పెట్టమంటావు? వొట్టి ఆకు పెట్టీమంటావా తల్లికి?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దీని కోసమే రాత్రంతా ఆలోచించుకుని వచ్చాను.

“మన అమ్మోర్లలో సప్పిడి తిన్నది ఎవర్తి అత్తా? కిందన ఊళ్ళు ఉన్నప్పుడు కోడి కొయ్యకుండా పండగ సేసినామా? ఈ తల్లికి మాత్రం తీపెవుడు అలవాటు సేసినాడు? కౌజు పిట్ట ముక్క పెట్టండి. పాట పాడండి. ఈపు తిప్పండి. ఇంకేటీ మార్చొద్దు.”

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరుసలో ఎవరో “అవును గదా, మనకి మల్లే తల్లికీ నోరు సప్పబడిపోయుంటాది” అన్నారు. నవ్వులు లేచాయి. దాలినాయుడు కూడా నవ్వాడు. సభ నా వైపు తిరిగిందని నాకు అప్పుడే అర్థమైంది.

గౌరమ్మత్త మాత్రం నవ్వలేదు. “నా శుక్రవారం నాకు నువ్వు నేర్పుతావా?” అని వెళ్ళిపోయింది.   

కృత్తిక కార్తె, రెండో వారం

నా పెట్టెల్లో, బొంగుల్లో ఎన్ని దాచినా ఇంత పని జరగలేదు. ఇప్పుడు ఏ రంధ్రం దగ్గర ఏ రోజు ముక్క ఉంటుందో ఫెరెట్లకి తెలియదు. ఎవరో శుక్రవారం మరిచిపోయి శనివారం పెడతారు, ఎవరో మొక్కు తీరిందని మధ్యలో పెడతారు. వాసన పట్టుకుని కొండంతా తిరుగుతున్నాయి. తాండ్ర ఒంటిమీద బొచ్చు నిగనిగలాడుతోంది. ఉలవ సన్నబడి గట్టిపడింది. ఈ పని నేను కావాలని చేశానా, తోసుకొచ్చిందా అంటే, నేనే చేశానని చెప్పుకుంటున్నాను.

జీడిని మాత్రం గొట్టాల్లోకి వదలడం లేదు. పూటకి నాలుగైదు సార్లు నూరిన మాంసం పెడుతున్నాను. మంచి రోజు నా చెప్పు ఎత్తుకుపోతుంది. చెడ్డ రోజు గోడని చూస్తుంది. పడమటి గొట్టానికి తాండ్రని పంపాలని నిర్ణయించాను. గౌరమ్మత్త సభ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు, అయినా రంధ్రం దగ్గర చిమ్మిలి మానేసి ఖాళీ ఆకు పెడుతోందని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు.

రోహిణి కార్తెకి ముందు రోజు

ఇవాళ్టి సంగతి రాసి పడుకుంటాను.

పొద్దున పడమటి గొట్టం మూతి దగ్గర జనమంతా చేరారు. నడవలో పడుకుంటున్న కొత్తవాళ్ళు పక్కలు చుట్టుకుని సిద్ధంగా ఉన్నారు. తాండ్ర నడుముకి పట్టీ, పట్టీకి దారం కట్టి వదిలాను. దారపు ఉండ నేల మీద ఎగురుతూ విడిపోయింది. కాసేపు ఆగింది. మళ్ళీ కదిలింది. అవతలి కొసన కేక వినపడింది. తాండ్ర తేలింది! నేను వీపు వంచి పక్కలకి ఎగరలేదు గానీ అంత పనీ చేశాను.

తాడు కట్టారు. తాడు చివర కుంచె కట్టారు. అప్పుడు, ఒంటరిగా వదల్లేక జీడిని వేసుకుని తెచ్చిన నా సంచీ వైపు చూశాను. సంచీ మూతి తెరిచి ఉంది. జీడి లేదు.

తాండ్ర గొట్టంలోకి వెళ్తుంటే అది ఊరుకుంటుందా? జనమంతా దారాన్ని చూస్తుంటే దాని వెనకే దూరిపోయింది. తాండ్ర తేలింది, జీడి తేలలేదు.

“లాగండి” అన్నాడు దాలినాయుడు.

“ఆగు! జీడి లోపలుంది. కుంచె లాగితే నలిగిపోద్ది.”

“అక్కా, రేపు రోహిణి. ఇయ్యాల గాలి రాకపోతే ఈళ్ళు నడవలో ఉడికిపోతారు. ఒక్క ముసలి జంతువు కోసం...”

“నాయుడూ, ఆ ముసలి జంతువు నీకెన్ని గొట్టాలు తెరిచింది? కాసేపు ఆగితే నీ ముల్లె పోదు. తాడు మీద చెయ్యేసినోడి ఏళ్ళు నాను కొరుకుతాను, తాండ్ర కొరకదు.”

కొత్తవాళ్ళలో ఒకామె తాడు మీద నుంచి చెయ్యి తీసేసింది. మిగతావాళ్ళూ తీశారు.

పడమటి గొట్టం మధ్యలో గౌరమ్మత్త గది వెనకగా పోతుంది, ఆ గదిలోని గాలిరంధ్రానికి దాంట్లోంచి ఒక చీలిక ఉంది. పరుగెత్తాను. తలుపు కొట్టకుండా దూరిపోయి రంధ్రానికి చెవి పెట్టాను. లోపల చప్పుడు లేదు. పిలిచాను, చెంచా కొట్టాను, పిట్ట ముక్క ఊపాను. ఏమీ లేదు. గౌరమ్మత్త మంచం మీద కూర్చుని చూస్తోంది.

“అత్తా, జీడి లోపల పడిపోయింది. నా పిలుపు ఇనడం నేదు” అన్నాను. 

గౌరమ్మత్త లేచింది.  రంధ్రానికి వీపు తిప్పి నిలబడి, చేతులు జోడించి, పాట మొదలుపెట్టింది.

“రాయే తల్లీ, సల్లంగ రాయే...”

మొదటి చరణం అయింది. రెండోది అయింది. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. లోపల ఎక్కడో గోరు గీసిన చప్పుడు. ఆగింది. మళ్ళీ గీసింది. పాట ఆపొద్దని గౌరమ్మత్త చెయ్యి పట్టుకున్నాను. చప్పుడు దగ్గరికి వచ్చింది. భుజం దాకా చెయ్యి దూర్చి తడిమితే వేళ్ళకి తడి మూతి తగిలింది. మెడ పట్టి మెల్లగా లాగాను.

ఒళ్ళంతా దుమ్ము. వెనకకాళ్ళు చచ్చుపడి ఈడ్చుకొచ్చింది. బయట పెట్టగానే ఒళ్ళు బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. ఈ స్థితిలో మాంసం నమలలేదు. దానికి కావలసింది ఒక్కటే.

“అత్తా, బెల్లం! బెల్లం ఉందా?”

ఆవిడ నా మొహంలోకి చూసింది. “పెట్టొద్దన్నావు గదే?”

“తినడానికి కాదు. సిగుళ్ళకి రాయాల. ఇప్పుడు అదే మందు. అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను!”

“కాళ్ళెందుకే, డబ్బా పట్టుకో.” మంచం కింద నుంచి డబ్బా లాగింది. మానేసిన నైవేద్యపు చిమ్మిలి అంతా అందులోనే ఉంది. ఎవరికీ పెట్టలేదు, తానూ తినలేదు. ఉండని నీళ్ళలో నలిపి, ఆ తియ్యటి నీళ్ళని నా వేలి మీద పోసింది. నేను జీడి చిగుళ్ళకి రాశాను. పళ్ళ మధ్య వేలు పెట్టకుండా పెదవి కింద నుంచి రాయాలి. నా తర్వాత వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొట్టుకోవడం తగ్గింది. కళ్ళు నా వైపు తిరిగాయి, మనిషిని పోల్చుకున్నాయి. నాలుక బయటికి వచ్చి నా వేలు నాకింది. వెంటనే నూరిన మాంసం పెట్టాను, లేకపోతే తీపి మళ్ళీ దెబ్బకొడుతుంది. తింది. గౌరమ్మత్త నేల మీద కూలబడి, పెద్దగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మా ఇద్దరి ఏడుపుకీ భయపడి జీడి నా జాకెట్టులోకి దూరింది.

అప్పుడు కేకేశాను, కుంచె లాగమని. సాయంత్రానికి పడమటి గదుల్లో గాలి ఆడింది.

రోహిణి కార్తె, మొదటి వారం

దాలినాయుడు వచ్చాడు. మంచి మాటలే మాట్లాడాడు. ఉలవకీ తాండ్రకీ వాటా పెంచాడు, పాకుడుబండి వద్దన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“అక్కా, జీడి సంగతి. అది మరింక గొట్టంలోకి ఎల్లదు గదా. పని సెయ్యని దానికి వాటా... రూలు నాను పెట్టింది కాదు. ఒక దానికి సడలిస్తే అందరూ అడుగుతారు.”

నేను నోరు తెరవబోయాను. గుమ్మంలో కర్ర చప్పుడైంది. గౌరమ్మత్త నడిచి వచ్చింది. నడవ దాటి రావడం ఆవిడకి ఎంత కష్టమో మా కొండలో అందరికీ తెలుసు.

“ఏరా దాలినాయుడూ, నాను పని సేసి ఎన్నేళ్ళైనాది?”

“నీ మాట కాదు మామ్మా...”

“నా మాటే. నానూ తిని కూకుంటన్నాను గదా. రూలు రూలే. తలుపు తియ్యి, నన్నే ముందు బయటికి తోసీ. నా ఎనకాల దాన్ని తోద్దువు గాని.”

“నువ్వంటే పెద్దదానివి మామ్మా.”

“అది సిన్నదేటి? దాని లెక్కలో నాకంటే పెద్దది.”

దాలినాయుడు తల గోక్కున్నాడు. బయట గచ్చు కాలుతున్న వాసన నడవ చివరి బయటి తలుపు సందులోంచి వస్తోంది. అతను దాని వైపు చూసి, గౌరమ్మత్త వైపు చూసి, దిగొచ్చాడు. జీడి వాటా ఉంచుతానన్నాడు. వెళ్తూ వెళ్తూ దాని తల నిమిరాడు. అది అతని చొక్కా బొత్తాం కొరికి తెంపుకుని పారిపోయింది.

రోహిణి కార్తె, రెండో వారం

జీడి ఇప్పుడు గౌరమ్మత్త గదిలో ఉంటోంది. పూటపూటకీ లేచి తిండి పెట్టడానికి నాకు మిగతా పిల్లలతో తీరిక చాలడం లేదు, ఆవిడకేమో నిద్ర పట్టదు. మాంసం ఎంత మెత్తగా నూరాలో, మూతి గీరుకుంటే ఏం చెయ్యాలో, గది వేడెక్కితే తడిగుడ్డ ఎక్కడ కట్టాలో నేర్పాను. నేను చెప్పిందాంట్లో సగం వింది. మిగతా సగం నాకంటే బాగా చేస్తోంది. గదిలో పాత చీరలు, తట్టలు, డబ్బాలతో దారులు కట్టింది. రోజూ మారుస్తోంది. ముసలివాళ్ళిద్దరికీ తీరిక లేదు.

ఇవాళ చూసొద్దామని వెళ్ళాను. పిట్ట గుండెకాయ గుడ్డలో ముడివేసి పట్టుకెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే గౌరమ్మత్త వేలు పెదాల మీద పెట్టుకుంది.

“అరవకు. ఇప్పుడే తిని తొంగున్నాది. మళ్ళీ రా” అని తలుపు దగ్గరగా వేసేసింది.

నేను పెంచిన జీడిని చూడటానికి నేను నడవలో కాచుకుని కూర్చున్నాను. కోపం రావాలి గానీ రాలేదు. చాలా సంతోషంగా ఉంది. అది లేచేదాకా అక్కడే ఉన్నాను.